డౌన్‌హిల్ సైకిలుకు వెనుక బ్రేకును దేనికి కట్టాలి?

డ్రమ్ బ్రేకు ఉన్న ఏ మోటార్ సైకిల్ దగ్గరైనా వెనుక చక్రం పక్కన ఒంగి చూడండి. చాలా వాటికి బ్రేకు ప్లేటు నుంచి స్వింగ్ ఆర్మ్ (వెనుక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఊగే చేయి) వరకు జానెడో బెత్తెడో ఇనుప కమ్మీ ఒకటి ఉంటుంది. టార్క్ రాడ్ అంటారు. పంక్చర్ వేసి చక్రం ఎక్కించే కుర్రాడు దాని బోల్టు బిగించడం మరచిపోయాడనుకోండి, మొదటిసారి బ్రేకు తొక్కగానే ప్లేటు కూడా చక్రంతో పాటు తిరిగిపోయి అక్కడున్న కడ్డీలన్నిటినీ మెలిపెట్టేస్తుంది. బ్రేకు చక్రాన్ని ఆపుతుందని మనం అనుకుంటాం. చక్రం మాత్రం బ్రేకును తనతో తిప్పుకుపోవాలని చూస్తుంది. ఆ తోపును ఏదో ఒకటి భరించాలి. ఏది భరించాలన్న దాని మీదే డౌన్‌హిల్ సైకిళ్ళ (కొండ మీది నుంచి కిందికి దిగడానికే చేసిన సైకిళ్ళ) వెనుక భాగం ఇన్ని రకాలుగా చీలింది.

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల కొండలెక్కి సైకిలు మీద దిగేవాళ్ళం ఎక్కువ మందిమి లేము. ఉన్న కొద్దిమందిలో ఎవరు పాత ఫ్రేము బేరం చేస్తున్నా ఫొటోలు నా ఫోనుకు వస్తాయి. "అన్నా, దీని సస్పెన్షన్ మంచిదేనా?" అన్నది ప్రశ్న. షాక్ (షాక్ అబ్జార్బర్) ఏ కంపెనీదో నేను తరువాత చూస్తాను. ముందు చూసేది వెనుక క్యాలిపర్ (బ్రేకు డిస్కును నొక్కి పట్టే భాగం) ఏ గొట్టానికి బిగించి ఉంది, ఆ గొట్టానికి కీలు ఎక్కడ ఉంది అన్నది. ఈ రెండూ తెలిస్తే బండి స్వభావం సగం తెలిసినట్టే. మిగతా సగం మీ వేళ్ళ స్వభావం. దాని దగ్గరికి వద్దాం.

బ్రేకు పట్టినప్పుడు బరువు ముందుకు వాలుతుంది. వెనుక భారం తగ్గి షాక్ సాగుతుంది, సీటు లేస్తుంది. అదే సమయంలో క్యాలిపర్ తాను కూర్చున్న గొట్టాన్ని చక్రం తిరిగే వైపే తిప్పబోతుంది. ఆ గొట్టం స్వింగ్ ఆర్మే అయితే ఆ తిప్పుడు బండి వెనుక భాగాన్ని కిందికి లాగుతుంది. లేపే బలం, లాగే బలం సరిసమానమైతే యాంటీ రైజ్ నూరు శాతం అంటారు. అప్పుడు బ్రేకు పట్టినా వెనుక భాగం లేవదు, కుంగదు. సున్నా అంటే బ్రేకుకూ సస్పెన్షన్‌కూ సంబంధమే లేదని, బరువు ఎంత వాలితే వెనుక అంత లేస్తుందని. నూరు దాటితే బ్రేకు లివర్ నొక్కినప్పుడల్లా బండి వెనుక భాగం చతికిలబడుతుంది.

వినగానే సున్నాయే మేలనిపిస్తుంది. నాకూ చాలాకాలం అలాగే అనిపించింది.

కొనబోయే బండి ఎదురుగా ఉంటే ఈ శాతాల గొడవ లేకుండా ఒక సుద్దముక్కతో సంగతి తేల్చుకోవచ్చు. బండిని చదునైన సిమెంటు నేల మీద నిలబెట్టి, వెనుక టైరు నేలను తాకే చోట టైరు మీదా నేల మీదా కలిపి ఒక గీత గీయండి. ముందు బ్రేకు వదిలేసి వెనుక బ్రేకు గట్టిగా పట్టుకోండి. స్నేహితుడిని సీటు మీద బరువంతా వేసి నొక్కమనండి. క్యాలిపర్ స్వింగ్ ఆర్మ్‌కే ఉన్న బండి నొక్కుతున్న కొద్దీ తనంతట తానే ముందుకు దొర్లుతుంది. బ్రేకు పట్టి ఉంది కాబట్టి చక్రం, ఆర్మ్ ఒకటైపోయాయి. ఆర్మ్ ఎంత తిరిగితే చక్రమూ అంత తిరగాలి. 45 సెంటీమీటర్ల ఆర్మ్ ఉన్న బండిలో చక్రం 10 సెంటీమీటర్లు పైకి కదిలితే ఆర్మ్ దాదాపు 13 డిగ్రీలు తిరుగుతుంది. అంటే టైరు నేల మీద ఏడెనిమిది సెంటీమీటర్లు దొర్లుతుంది. బ్రేకును స్వింగ్ ఆర్మ్ నుంచి విడదీసిన బండి అయితే గీత దగ్గర నుంచి పెద్దగా కదలదు.

కొండ మీద ఈ దొర్లడానికి తీరిక ఉండదు. బ్రేకు పట్టి ఉండగా రాయి చక్రాన్ని పైకి తోసిన ప్రతిసారీ టైరు పట్టు సడలాలి, లేదా సస్పెన్షన్ బిగుసుకోవాలి. కొండపల్లి రాళ్ళలో లివర్ వదలకుండా దిగేవాడి వెనుక చక్రం టకటకా ఎగిరిపడడానికి ఎక్కువ సార్లు కారణం ఇదే. వాడు మాత్రం షాక్ పాడైందని ఆయిలు మార్పిస్తాడు.

ఫొటోలో పోల్చుకోవడం

ఇరుసు నుంచి పెడళ్ళ వైపు వచ్చే కింది గొట్టం చైన్ స్టే. సీటు వైపు ఎక్కే పై గొట్టం సీట్ స్టే. కొన్ని బండ్లకు ఈ రెండూ లేకుండా ఒకే లావుపాటి ఆర్మ్ ఉంటుంది. అది సింగిల్ పివట్. ఇంగ్లండుకు చెందిన ఆరెంజ్ కంపెనీ ఏళ్ళ తరబడి ఈ పద్ధతినే పట్టుకుని నడిచింది. ప్రధాన కీలు ఒక్కటే, అందులో బేరింగులు రెండే. నూరుకు అటూ ఇటూగా యాంటీ రైజ్. లివర్ పట్టినప్పుడు కాస్త బిగుస్తుంది, కానీ నిటారు వాలులో బండి ముందుకు తలకిందులు కాబోతోందన్న భయం పెట్టదు. దీన్ని చులకనగా చూడకండి.

రెండు గొట్టాలున్న బండ్ల దగ్గరే జనం పొరబడతారు. ఫొటోలో అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఇరుసు దగ్గర కీలు ఎటు ఉందో చూడాలి. కీలు ఇరుసుకు పైన, సీట్ స్టే మీద ఉంటే ఇరుసు చైన్ స్టేకే అంటుకుని ఉన్నట్టు. పైనున్న లింకులన్నీ (కీళ్ళతో కలిపే చిన్న కడ్డీలు) షాక్‌ను నొక్కడానికే. క్యాలిపర్ కూడా చైన్ స్టేకే ఉంటే బ్రేకు విషయంలో అది సింగిల్ పివట్టే, ఎన్ని లింకులున్నా సరే. కీలు ఇరుసుకు ముందు, చైన్ స్టే మీద ఉంటే అది హార్స్ట్ లింక్. ఏఎంపీ రీసెర్చ్ అనే కంపెనీని స్థాపించిన హార్స్ట్ లైట్నర్ పేరు మీదుగా వచ్చిన పేరు. ఆ పేటెంటును 1998లో స్పెషలైజ్డ్ అనే సైకిల్ కంపెనీ కొనుక్కుంది. దాని గడువు తీరేదాకా అమెరికాలో మిగతా కంపెనీలు ఈ కీలును పక్కకు జరుపుతూ నానా అవస్థలు పడ్డాయి. పాత ఫ్రేముల్లో విచిత్రమైన డిజైన్లు అన్ని కనిపించడానికి ఇంజనీరింగ్ ఎంత కారణమో వకీళ్ళూ అంతే కారణం.

కీలు సరిగ్గా ఇరుసు చుట్టూనే ఉంటే సస్పెన్షన్ డిజైనర్ డేవ్ వీగిల్ రూపొందించిన స్ప్లిట్ పివట్, లేదా ట్రెక్ కంపెనీ వారి ఏబీపీ. హార్స్ట్ లింక్‌లోనూ వీటిలోనూ క్యాలిపర్ సీట్ స్టే మీద కూర్చుంటుంది. బండి కుంగినప్పుడు సీట్ స్టే స్వింగ్ ఆర్మ్ అంతగా తిరగదు కాబట్టి యాంటీ రైజ్ సాధారణంగా నూరు కంటే బాగా తక్కువగా, సున్నా కంటే బాగా ఎక్కువగా ఉంటుంది. రేసర్ స్టీవ్ స్మిత్ 2013లో డౌన్‌హిల్ ప్రపంచ కప్ మొత్తం టైటిల్ గెలిచింది స్ప్లిట్ పివట్ ఉన్న డెవిన్సీ విల్సన్ అనే బండి మీద.

రెండు పొట్టి లింకుల బండ్లు మరో కోవ: శాంటా క్రూజ్ కంపెనీ వీ10 బండిలోని వీపీపీ, ఐరన్ హార్స్ కంపెనీ సండే బండిలోని డీడబ్ల్యూ లింక్. రేసర్ సామ్ హిల్ 2006లోనూ 2007లోనూ డౌన్‌హిల్ ప్రపంచ ఛాంపియన్ అయింది సండే మీదే. వీటిలో వెనుక త్రికోణం అంతా ఒకే ముక్క, క్యాలిపర్ దాని మీదే. లింకుల కొలతలను బట్టి బ్రేకు గుణం మారిపోతుంది కాబట్టి ఈ కోవ మొత్తానికి ఒక్క మాట చెప్పలేను. సుద్దముక్కే శరణ్యం.

తేలే బ్రేకు

ఇప్పుడు అసలు విచిత్రం దగ్గరికి వద్దాం. క్యాలిపర్‌ను స్వింగ్ ఆర్మ్‌కు బిగించకుండా, ఇరుసు చుట్టూ స్వేచ్ఛగా తిరిగే ఒక చిన్న చేయికి బిగిస్తారు. ఆ చేయిని పొడవాటి రాడ్‌తో ఫ్రేముకు కలుపుతారు. ఫ్లోటింగ్ బ్రేక్ అంటారు. 2000 తరువాతి కొన్నేళ్ళు దీని హవా నడిచింది. కోనా కంపెనీ డోప్ అనే పేరుతో తన డౌన్‌హిల్ బండ్లకు ఇచ్చింది. బ్రేక్ థెరపీ అనే పేరుతో విడి కిట్లు కూడా అమ్మేవారు. మోటార్ సైకిల్ టార్క్ రాడ్‌ను స్వింగ్ ఆర్మ్ నుంచి విప్పి ఫ్రేముకు కట్టినట్టన్నమాట.

నా దగ్గర ఉన్నది అలాంటి ఫ్రేమే. చేతికి వచ్చినప్పుడు రాడ్ లేదు. ఆటోనగర్‌లో లారీ పనులు చేసే ఒక లేత్ మేస్త్రి గారి దగ్గరకు తీసుకువెళ్ళాను. ఆయన సైకిలును బల్ల మీద పడుకోబెట్టి, బ్రేకు చేయిని వేలితో అటూ ఇటూ తిప్పి, ఒకే ప్రశ్న అడిగారు. "బ్రేకు పట్టినప్పుడు ఈ రాడ్‌ను తోస్తుందా, లాగుతుందా బాబూ?"

నేను తెల్లమొహం వేశాను. ఆయనే సుద్దతో బల్ల మీద బొమ్మ గీశారు. చక్రం పైభాగం ముందుకు పోతుంది. బ్రేకు చేయి ఇరుసుకు పైన ఉంటే రాడ్‌ను ముందుకు తోస్తుంది. సన్నటి కమ్మీ పెడితే విల్లులా వంగుతుంది, కాబట్టి గొట్టం కావాలి. చేయి కిందికి వేలాడుతుంటే రాడ్‌ను లాగుతుంది. సన్నటి కమ్మీ అయినా చాలు, కాకపోతే రాళ్ళు తగిలేది దానికే. నాది పైన ఉన్న రకం. మట్టి దారిలో వెనుక చక్రం జారబోయే ముందు ఆ రాడ్ మీద పడే బలం ఉజ్జాయింపుగా లెక్కవేస్తే, 10 సెంటీమీటర్ల చేయికి నూట నలభై కిలోల దాకా వస్తుంది. ఆయన అల్యూమినియం గొట్టానికి రెండు కొసలా ఎనిమిది మిల్లీమీటర్ల రాడ్ ఎండ్లు (కొసన ఉండే గోళపు కీళ్ళు) పెట్టారు. ఒకటి కుడి మర, ఒకటి ఎడమ మర. విప్పకుండానే గొట్టాన్ని తిప్పి పొడవు సరిచేసుకోవచ్చు. చెక్ నట్లు (మర వదులు కాకుండా బిగించే నట్లు) మాత్రం ప్రతిసారీ చూసుకోమని రెండుసార్లు చెప్పారు.

రాడ్‌ను స్వింగ్ ఆర్మ్‌కు సమాంతరంగా బిగించుకున్నాను. సుద్దముక్క పరీక్షలో బండి అంగుళం కూడా కదలలేదు. మురిసిపోయాను. కొండ మీద రాళ్ళలో నిజంగానే వెనుక చక్రం నేలను నాకుతూ పోయింది. అయితే వాలు నిటారైన చోట లివర్ పట్టగానే సీటు నా వీపును తడిమినంత పనైంది. వెనుక లేచి, ముందు ఫోర్కు కుంగి, బండి ముక్కు మీద నిలబడినట్టు అనిపించింది. సున్నా ఖరీదు అది. నేలను వదలని చక్రం కావాలి, సరే. కానీ నన్ను హ్యాండిల్ మీదుగా పంపని బండి కూడా కావాలి.

మేస్త్రి గారి చేతే ఫ్రేము వైపు ప్లేటుకు ఒకదాని కింద ఒకటిగా మూడు చిల్లులు వేయించాను. పై చిల్లులో రాడ్ ఆర్మ్‌కు సమాంతరం. కిందికి దించుతున్న కొద్దీ రాడ్ గీత, ఆర్మ్ గీత ముందెక్కడో కలుస్తాయి. ఆ కలిసే చోటు ప్రధాన కీలుకు దగ్గరవుతున్న కొద్దీ బండి మళ్ళీ సింగిల్ పివట్‌లా ప్రవర్తిస్తుంది. మధ్య చిల్లు నాకు సరిపోయింది. ఫ్లోటింగ్ బ్రేకులో గొప్పతనం స్వేచ్ఛలో లేదు, ఈ చిల్లుల్లో ఉంది. మిగతా ఏ డిజైన్‌లోనూ ఈ యాంటీ రైజ్ సంఖ్యను ఇంత చవకగా మార్చుకోలేరు.

చెక్ నట్ సంగతి కూడా ఒప్పుకోవాలి. మూడో నెలలో ఒక ఆదివారం చూసుకోకుండా ఎక్కాను. దిగేటప్పుడు సగం దారిలో ముందు రాడ్ ఎండ్ మర వదిలేసింది. క్యాలిపర్ డిస్కును పట్టుకుని గిర్రున తిరిగి స్టేకు గుద్దుకుంది, హోస్ తెగింది, రాళ్ళ మీద ఆయిలు. తప్పు పూర్తిగా నాదే. పంక్చర్ కుర్రాడిని తిట్టే హక్కు ఆ రోజుతో పోయింది.

ఫ్లోటింగ్ బ్రేకు కొత్తగా అమర్చుకోవాలనుకునేవారికి ఒక మాట. ఇరుసు దగ్గర ఆ చేయికి కొన్ని మిల్లీమీటర్ల చోటు కావాలి. దాని కోసం తయారైన పాత ఫ్రేముల్లో ఆ చోటు ఉంటుంది. ఇప్పటి 157 మిల్లీమీటర్ల హబ్బుల ఫ్రేముల్లో వెతకడం దండగ.

పైకెక్కిన కీలు

ఇప్పుడు అందరూ మోజుపడేది హై పివట్. ప్రధాన కీలును ఇరుసు కంటే బాగా పైకి తీసుకువెళ్ళి, చైను లాగకుండా మధ్యలో ఐడ్లర్ అనే పళ్ళ చక్రం పెడతారు. రాయి తగిలినప్పుడు చక్రం పైకే కాక వెనక్కి కూడా జరుగుతుంది. ఎదురుదెబ్బ మెత్తబడుతుంది. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు, బాల్ఫా బీబీ7 అనే పాత బండి ఎప్పుడో చేసింది. రేసర్ ఆమోరీ పియరోన్ 2018లో కమెన్సల్ సుప్రీం అనే హై పివట్ బండి మీద ప్రపంచ కప్ టైటిల్ గెలిచాక అందరి కళ్ళూ మళ్ళీ ఇటు తిరిగాయి.

కీలు పైకి పోయిన కొద్దీ స్వింగ్ ఆర్మ్ మీది బ్రేకు బండిని ఇంకా గట్టిగా కిందికి లాగుతుంది. యాంటీ రైజ్ నూరు దాటుతుంది. అందుకే ట్రెక్ తన సెషన్ అనే డౌన్‌హిల్ బండిని హై పివట్‌గా మార్చినప్పుడు ఏబీపీని వదలలేదు. హై పివట్ కొనేవాళ్ళు బ్రేకు దేని మీద ఉందో మిగతావాళ్ళ కంటే రెండింతలు శ్రద్ధగా చూడాలి. పైగా చైను పొడవు పెరుగుతుంది, ఒక్క ప్యాకెట్ చాలకపోవచ్చు. మన ఎర్రదుమ్ములో ఐడ్లర్ కరకరలాడుతుంది, వారానికొకసారి తుడవాలి. స్కాట్లండులోని ఫోర్ట్ విలియంలో మేటి రైడర్లే దిగడానికి నాలుగు నిమిషాలకు పైగా తీసుకునే దారుల కోసం పుట్టిన బండి ఇది. మన దగ్గర ఊపిరి అందుకునే లోపే కొండ అయిపోతుంది. నా వరకు ఇక్కడ ఇది పెళ్ళి పల్లకీలో కూరగాయలు తేవడమే.

ఆటోనగర్ లెక్క

విజయవాడలో ఉన్నవాడికి ఒక అదృష్టం ఉంది. బేరింగు ఎక్కడైనా దొరుకుతుంది. విప్పిన బేరింగు మీది సంఖ్య చదవండి: 6902 అయితే 15, 28, 7 మిల్లీమీటర్లు, 6900 అయితే 10, 22, 6. ఈ కొలతలు ఆటోనగర్ కొట్లలో చెబితే చాలు, సైకిలు అని చెప్పనక్కరలేదు. కాకపోతే కీళ్ళలో బేరింగు గిర్రున తిరగదు, కాస్త ఊగుతుంది. అందుకని బంతులు కిక్కిరిసి నింపిన ప్రత్యేక రకం వాడతారు. అది దొరకకపోతే మామూలుది వేయవచ్చు, తొందరగా మార్చుకోవాలి. కంపెనీకే పరిమితమైన బుష్‌లు, స్లీవులు ఉన్న ఫ్రేమును మాత్రం విడి భాగాలతో సహా దొరికితేనే కొనండి. సింగిల్ పివట్‌కు రెండు బేరింగులు, హార్స్ట్ లింక్‌కు ఎనిమిదో, అంతకు మించో. ఏడాదికొకసారి వర్షాల తరువాత మార్చే ఖర్చు లెక్కలో ఉంచుకోండి.

బ్రేకు ఆయిలు కూడా ఎంపికలో భాగమే. స్రామ్ కోడ్, హోప్, పాత హేస్ బ్రేకుల్లో డాట్ ఆయిలు వాడతారు. డాట్ 4 ఏ కారు విడిభాగాల కొట్టులోనైనా దొరుకుతుంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదన్నది డాట్ 4 ప్రమాణం; తేమ పట్టాక ఆ హద్దు 155కు పడిపోతుంది. కృష్ణ ఒడ్డున ఉక్కపోతలో ఏడాదికి మించి ఉంచవద్దు. షిమానో, మగూరా మినరల్ ఆయిలు వాడతాయి, అది తెప్పించుకోవాలి. ఒకదాని బదులు మరొకటి పోస్తే సీళ్ళు ఉబ్బి బ్రేకు మొత్తం పోతుంది. మే నెలలో 44 డిగ్రీల ఎండలో దిగేవారు డిస్కు 200 నుంచి 220 మిల్లీమీటర్లకు పెంచితే అదే వేలి బలానికి పదో వంతు ఎక్కువ పట్టు వస్తుంది, వేడి వదలడానికి చోటూ పెరుగుతుంది. ఫ్రేము అంత పెద్ద డిస్కుకు ఒప్పుకుంటుందా అన్నది ముందు చూసుకోవాలి.

ఇక మీ వేళ్ళ సంగతి. రోడ్ల మీద స్కూటర్ నేర్చుకున్న మనలో చాలా మందికి వెనుక బ్రేకు మీద వేలు ఎప్పుడూ ఆని ఉంటుంది. మలుపుకు ముందే గట్టిగా పట్టి వదిలేసేవారికి ఏ డిజైన్ అయినా చెల్లుతుంది. వదిలాక బ్రేకు ప్రభావం ఉండదు కదా. కొండ పొడుగునా లివర్ మీద వేలు తీయనివారికి స్వింగ్ ఆర్మ్ మీది బ్రేకు చేతులకు నొప్పి పుట్టిస్తుంది. కొండపల్లి, కొండవీడు వైపు సైకిళ్ళ కోసం తయారుచేసిన దారులు లేవు. వదులు రాళ్ళు, ముళ్ళపొదలు, పశువుల దారులు. ఇక్కడ ఎవరైనా వేలు ఆనించే దిగుతారు. (రిజర్వు అడవిలోకి అటవీశాఖ అనుమతి లేకుండా వెళ్ళవద్దు.)

కాబట్టి ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇది. ఒకే బండి కొని నాలుగేళ్ళు వాడాలనుకుంటే హార్స్ట్ లింక్ లేదా స్ప్లిట్ పివట్, క్యాలిపర్ సీట్ స్టే మీద ఉన్నది. డబ్బు తక్కువ, ఓపిక తక్కువ అయితే కీలు మరీ ఎత్తులో లేని సింగిల్ పివట్, దానితో పాటు లివర్ వదలడం నేర్చుకోవడం. ఫ్లోటింగ్ బ్రేకు ఉన్న పాత ఫ్రేము చవకగా దొరికి, స్పానర్ పట్టడం మీకు సరదా అయితే తీసుకోండి. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క బండి మాత్రం అది కాకూడదు. హై పివట్ మనాలీ వైపు తరచూ వెళ్ళేవారికి.

బేరం కుదిరే ముందు షాక్ గాలి తీసేసి, స్ప్రింగ్ షాక్ అయితే స్ప్రింగ్ విప్పి, వెనుక చక్రాన్ని పట్టుకుని పక్కకు ఊపండి. ఒక వేలు ఇరుసు దగ్గరి కీలు మీద ఉంచితే ఆట ఉంటే వేలికి తెలుస్తుంది. తేలే బ్రేకు అయితే రాడ్ ఎండ్లను విడిగా కదిపి చూడండి. అక్కడ ఒక మిల్లీమీటరు ఆట ఉన్నా బ్రేకు పట్టినప్పుడు టక్కుమంటుంది. ఇంకొకటి, విదేశాల నుంచి వచ్చిన పాత బండ్లలో చాలా వాటికి కుడి లివర్ వెనుక బ్రేకుది. మన మోటార్ సైకిళ్ళకు కుడి చేయి ముందు బ్రేకు. హోస్‌లు మార్పించుకున్నాకే కొండ ఎక్కండి.